మెట్ల మధ్య స్వరం: ఒక స్వీడిష్ జాజ్ రికార్డు గురించి

"బాగానే ఉంది గానీ, ఇందులో జాజ్ ఎక్కడుంది?" అన్నాడు మిత్రుడు, నేను పంపిన రికార్డు సగం విని. మిగతా సగం వినలేదు. హోటల్ లాబీలో లిఫ్టు కోసం నిలబడ్డట్టు ఉందట. జాజ్ అంటే పడి చచ్చే మనిషి. సాక్సొఫోన్‌తో ఎవరైనా పావుగంట సేపు ఊపిరి తిప్పుకోకుండా చెలరేగితే గానీ అతనికి కడుపు నిండదు. ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు ఫోన్లో ఏదో చెప్పి పెట్టేశాను. కానీ ప్రశ్న మాత్రం చెడ్డది కాదు. ఈ రికార్డు వచ్చిన కొత్తలోంచీ చాలామంది అడుగుతున్నదే.

రికార్డు పేరు "జాజ్ పో స్వెన్స్కా", అంటే స్వీడిష్‌లో జాజ్. పియానో మీద యాన్ యోహాన్సన్, డబుల్ బాస్ (నిలబెట్టి వాయించే పెద్ద మంద్రస్వర తీగవాద్యం) మీద గియోర్గ్ రీడెల్. ఇద్దరే. డ్రమ్స్ లేవు, బాకాలు లేవు, గొంతు లేదు. 1962 నుంచి విడతలుగా రికార్డు చేసి, ముందు ఈపీలుగా, అంటే కొద్ది పాటల చిన్న రికార్డులుగా వదిలి, 1964లో పన్నెండు బాణీల ఎల్పీగా, అంటే పెద్ద రికార్డుగా తెచ్చారు. అన్నీ స్వీడన్ పల్లెల పాత బాణీలే: పెళ్లి ఊరేగింపులో వాయించేవి, పశువుల్ని పిలిచేవి, నాట్యానికి వాయించేవి, అమెరికా ఓడెక్కుతూ పాడుకున్నది ఒకటి. ఆ దేశంలో ఇప్పటికీ జాజ్ రికార్డుల అమ్మకాల్లో దీనిదే మొదటి స్థానం అంటారు. రెండున్నర లక్షల ప్రతులు దాటాయి. అప్పటి స్వీడన్ జనాభా ఎనభై లక్షలు కూడా లేదని గుర్తుపెట్టుకుంటే, ఆ అంకె ఎంత పెద్దదో తెలుస్తుంది.

ఇంత అమ్ముడుపోవడమే దీని మీద మొదటి నేరారోపణ. అంతమందికి నచ్చిందంటే అందులో జాజ్ పలచబడే ఉంటుంది, జానపదానికి పౌడరూ స్నోలూ పూసే ఉంటారు, అని ఇద్దరు రకాల ఛాందసులూ ఒకే మాట మీద నిలబడతారు. నా వాదన వేరు. దీంట్లో జాజ్ పుష్కలంగా ఉంది. వెతికేవాళ్లు తప్పు చోట వెతుకుతున్నారు.

గదిలో లేని మూడోవాడు

జానపదం, జాజ్ కలిశాయి అనగానే మనకు ఒక బొమ్మ కనబడుతుంది. ఒక పక్క పల్లె కళాకారుడు, ఇంకో పక్క పట్నం విద్వాంసుడు, మధ్యలో మైకు. ఇద్దరూ చెరికాసేపు వాయించి, చివర్లో ఒకరినొకరు చూసి నవ్వుకుంటారు. ఈ రికార్డులో అదేమీ లేదు. ఇద్దరూ జాజ్‌వాళ్లే. యోహాన్సన్ గోథెన్‌బర్గ్‌లో చాల్మర్స్ సాంకేతిక విద్యాలయంలో ఇంజనీరింగ్ చదువుతూ, దాన్ని వదిలేసి పియానో పట్టినవాడు. కోపెన్‌హాగెన్‌లో అమెరికన్ సాక్సొఫోన్ విద్వాంసుడు స్టాన్ గెట్జ్ పక్కన వాయించి పేరు తెచ్చుకున్నాడు. రీడెల్ అప్పటికే స్టాక్‌హోమ్ జాజ్‌లో స్థిరపడిన బాసిస్టు. జానపదం తరఫున స్టూడియోలో ఒక్కరూ లేరు.

ఉన్నది కాగితం. స్వీడన్‌లో జానపద సంగీత సంఘం ఒకటి 1908లో ఏర్పడింది. ఊరూరా ఫిడేలు వాయించే పెద్దలు కనుమరుగవుతున్నారని, వాళ్ల బాణీల్ని స్వరలిపిలో రాయించడం మొదలుపెట్టారు. ఆ పని "స్వెన్స్కా లోతర్" అనే సంపుటాలుగా 1922 నుంచి 1940 దాకా అచ్చయింది. ఇరవై నాలుగు సంపుటాలు, దాదాపు ఎనిమిది వేల బాణీలు. యోహాన్సన్ బాణీలు ఏరుకున్నది ఆ అచ్చు పుస్తకాల్లోంచి. చావడి అరుగు మీద కూర్చుని నేర్చుకున్నవి కావు.

ఇది తెలిశాక నాకు మొదట కాస్త నీరసం వచ్చిన మాట నిజం. పుస్తకం చూసి వాయించిన జానపదం ఏమి జానపదం? పైగా అప్పటికి ఫిడేలు వాయించేవాళ్లు బతికే ఉన్నారు. మాట్స్ ఆర్న్‌బెరీ అనే స్వీడిష్ రేడియో ఉద్యోగి 1940ల చివరినుంచీ వాళ్ల దగ్గరికి టేపు మోసుకెళ్లి రికార్డు చేస్తూనే ఉన్నాడు. వినదలిస్తే వినే వీలుంది.

ఆ తరహా పాత ఫీల్డ్ రికార్డింగులు కొన్ని తర్వాత విన్నాను. అది వేరే లోకం. పోల్స్కా అనే మూడు దెబ్బల నాట్యం ఉంది, ఈ సంగీతానికి అదే వెన్నెముక. అచ్చులో దాన్ని మూడు సమానమైన మాత్రలుగా రాస్తారు. డాలార్నా, వెర్మ్లాండ్ లాంటి స్వీడన్ ప్రాంతాల్లో ముసలి ఫిడ్లరు వాయిస్తే ఆ మూడూ సమానంగా ఉండవు. ఒకటి కురచ, ఒకటి సాగదీత, కాలితో వేసే దెబ్బ ఇంకెక్కడో పడుతుంది. స్వరాలూ అంతే. గాంధారం, అంటే సరిగమల్లోని గ, ఇటు సాధారణమూ కాదు, అటు అంతరమూ కాదు, మధ్యలో ఎక్కడో నిలబడుతుంది. పశువుల్ని పిలిచే ఆడవాళ్ల కేకల్లో, ఆవు కొమ్ము బూరల్లో ఈ నడిమి స్వరాలు మరీ ఎక్కువ. స్వరలిపి రాసేవాళ్లు దగ్గర్లో ఉన్న గీత మీదో సందులోనో చుక్క పెట్టి ముందుకెళ్లారు. వేరే దారి లేదు వాళ్లకు.

అంటే యోహాన్సన్ చేతికి వచ్చేసరికే బాణీ ఒకసారి ఇస్త్రీ అయిపోయింది. ఆ పైన ఆయన దాన్ని పియానోకి అప్పగించాడు. స్వరాన్ని వంచడం చేతకాని వాద్యాల్లో అంతకంటే మొండిది లేదు.

హార్మోనియం గొడవ

ఈ గొడవ మనకు కొత్తది కాదు. మెట్ల (నొక్కే కీల) మధ్య స్వరం పలకదు, గమకం (స్వరాన్ని ఊపి, వంచి పలికించడం) రాదు అని ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని గడప దాటనివ్వలేదు. 1971 దాకా అది బయటే ఉంది. నిషేధం అతి అని అనేవాళ్లు కూడా, మెట్ల వాద్యంతో మన స్వరానికి పేచీ ఉందన్న మాటను కాదనరు. కర్ణాటక సంగీతం కాస్తో కూస్తో విన్న తెలుగువాడికి, ఈ స్వీడిష్ రికార్డు మీద వాళ్ల జానపదులు పెట్టే ఫిర్యాదు విడమర్చి చెప్పక్కర్లేదు.

మా పిన్ని వయొలిన్ నేర్పుతుంది. ఆవిడకు ఈ రికార్డు వినిపించాను, ఎవరిదో ఏమిటో చెప్పకుండా. మొదటి బాణీ, "వీసా ఫ్రోన్ ఊటన్‌మీరా", సిల్యాన్ సరస్సులోని సోలెరోన్ దీవి మీది పల్లె పాట. కళ్లు మూసుకుని విని, అయ్యాక మళ్లీ పెట్టమంది. రెండోసారి విన్నాక అడిగింది: "పియానోయే కదరా? గమకం ఉండటానికి వీల్లేదు. మరి ఉన్నట్టు ఎందుకు వినిపిస్తోంది?"

నా మిత్రుడి ప్రశ్నకు జవాబు ఆవిడ ప్రశ్నలో ఉంది.

పియానో మీద స్వరం వంగదు. కానీ వంగినట్టు చెవిని నమ్మించవచ్చు. పక్క మెట్టును క్షణమాత్రం తాకి అసలు స్వరం మీదికి జారడం, రెండు పక్కపక్క మెట్లను కలిపి నొక్కి ఒకదాన్ని ముందు వదిలేయడం, స్వరాన్ని దాని వేళకు కాక వెంట్రుకవాసి ఆలస్యంగా పడేయడం. ఇవన్నీ ఎవరు కనిపెట్టారు? అమెరికాలో నల్లజాతి వాళ్ల పాట అయిన బ్లూస్ వాయించిన పియానిస్టులు. వాళ్ల గొంతులో పలికే గాంధారం కూడా రెండు మెట్ల మధ్యదే. వాళ్ల చేతికొచ్చిన పియానోలో ఆ స్వరం లేదు. లేని స్వరాన్ని రాబట్టడానికి వాళ్లు పడ్డ పాట్లే తర్వాత జాజ్ పియానో చేతివాటంగా స్థిరపడ్డాయి. జాజ్ పియానిస్టు థెలోనియస్ మంక్ రెండు పక్క మెట్లను ఒకేసారి మోదితే అది పొరపాటు కాదని, ఆ మధ్య స్వరాన్ని వెతకడమేనని మా మిత్రుడే నాకు చెప్పాడు ఒకప్పుడు.

యోహాన్సన్ చేసింది అదే. అచ్చులో ఇస్త్రీ అయిపోయిన బాణీకి మళ్లీ ముడతలు పెట్టాడు. ఆ ముడతలు డాలార్నా ఫిడ్లరువి కాకపోవచ్చు, కానీ ముడత ఉండవలసిన చోటు ఆయన చేతికి తెలిసింది. శాస్త్రీయ పియానో నేర్చిన మనిషి ఈ బాణీల్ని అచ్చులో ఉన్నట్టు వాయిస్తే అందంగా, చదునుగా ఉండేవి. బ్లూస్‌ను వేళ్లలో మోస్తున్న మనిషి కనుక ఆ చదును ఆయన్ని ఇబ్బంది పెట్టి ఉండాలి. ఈ రికార్డులో జాజ్ సోలోల్లో, అంటే ఒక్కరే చెలరేగి వాయించే ఘట్టాల్లో లేదు, స్పర్శలో ఉంది. సోలోల కోసం వెతికితే నిరాశే మిగులుతుంది. చాలా బాణీలు మూడు నిమిషాలకు అటూఇటూగా అయిపోతాయి. పాట, కొద్దిపాటి మార్పు, మళ్లీ పాట, సెలవు.

దీనికి వ్యతిరేకంగా ఒక మంచి మాట ఉంది, దాన్ని దాటవేయను. చిన్న స్వరంతో జారడం పాతకాలపు యూరప్ శాస్త్రీయ కీబోర్డు విద్వాంసులకూ తెలుసు, పియానో స్వరకర్త షోపాన్‌కూ తెలుసు, అది బ్లూస్ సొత్తు ఎలా అవుతుంది? నిజమే, అలంకారం అందరిదీ. తేడా నాకు వినబడేది లయలో. షోపాన్‌ను వాయించేవాళ్లు కాలాన్ని సాగదీస్తే రెండు చేతులూ కలిసి సాగుతాయి, లేదా ఎడమచెయ్యి కాపలా కాస్తుంది. ఇక్కడ యోహాన్సన్ కుడిచెయ్యి వెనకబడితే, కాలాన్ని పట్టుకుని ఉండేది పక్క మనిషి. అది జాజ్ ఏర్పాటు. ఒకరు వెనకబడే ధైర్యం చేయాలంటే ఇంకొకరు కదలకుండా నిలబడాలి.

బాస్ మనిషి

ఆ నిలబడ్డవాడి గురించి ఎవరూ రాయరు. రికార్డు యోహాన్సన్ పేరుమీదే చలామణీ అవుతుంది, రీడెల్ పేరు చిన్న అక్షరాల్లో పడుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కసారి బాస్‌ను మాత్రమే పట్టుకుని వినండి. మామూలు జాజ్ బాస్ నడుస్తుంది, దెబ్బకొక స్వరం చొప్పున. రీడెల్ చాలాచోట్ల నడవడు. ఒక్క స్వరం వేసి అది ఆరిపోయేదాకా ఆగుతాడు. ఆ ఆగడంలోనే పియానోకి చోటు దొరుకుతుంది. కొన్నిచోట్ల పియానో వాక్యం పూర్తిచేయకముందే బాస్ దాని చివరిమాట అందిస్తుంది. బాగా ఎరిగినవాళ్లు మాట్లాడుకున్నట్టు.

డబుల్ బాస్‌కు మెట్లు లేవన్న సంగతి కూడా ఇక్కడ ముఖ్యం. నడిమి స్వరం నిజంగా పలకగలిగిన వాద్యం ఆ గదిలో అదొక్కటే. రీడెల్ ఆ అవకాశాన్ని వాడుకున్నది చాలా తక్కువ. ఎందుకో నాకు అర్థం కాదు. పియానోతో శ్రుతి తగవు ఎందుకని అనుకున్నాడేమో. ఈ రికార్డులో నాకు నిజంగా లోటనిపించేది ఇదే. లాబీ సంగీతమన్న మాటకు నాకు కోపం రాదు గానీ, చేతిలో ఉన్న దారిని వాడకపోవడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

రీడెల్ పుట్టింది స్వీడన్‌లో కాదు. 1934లో చెకొస్లొవాకియాలోని కార్లొవీ వారీలో పుట్టి, నాజీల నీడ పడుతుంటే తల్లిదండ్రులతో నాలుగేళ్ల వయసులో స్వీడన్ చేరాడు. ఈ రికార్డును "స్వీడన్ ఆత్మ", "ఈ నేల పాట" అని గుండెలు బాదుకునేవాళ్లకు ఇది గుర్తుచేయడం నాకు భలే సరదా. బాస్ మనిషి కాందిశీకుడు. పియానో చేతివాటం నల్లజాతి అమెరికా నుంచి వచ్చింది. ఇక పోల్స్కా సంగతంటారా, పేరే చెబుతుంది, పోలండ్ మీదుగా వచ్చిన నాట్యమని. ఇన్ని దారుల్లో వచ్చిన సరుకును ఒక్క నేలకు రాసివ్వాలంటే పట్టా ఎవరి దగ్గరుందో చూపించాలి.

అమెరికా వాళ్లు తీసుకెళ్లిన పాట

స్వీడన్ పాటల్ని జాజ్‌లోకి తెచ్చినవాళ్లలో యోహాన్సన్ మొదటివాడేమీ కాదు. 1951లో స్టాన్ గెట్జ్ స్టాక్‌హోమ్ వచ్చి, స్వీడిష్ పియానిస్టు బెంగ్ట్ హాల్‌బెరీతో కలిసి, వెర్మ్లాండ్ వాళ్లు తమ ప్రాంతాన్ని పొగుడుతూ పాడుకునే పాటను రికార్డు చేశాడు. మరుసటి ఏడు అమెరికన్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ దాన్నే వాయించాడు. అమెరికాలో దాని పేరు "డియర్ ఓల్డ్ స్టాక్‌హోమ్" అయిపోయింది. వెర్మ్లాండ్ ఎక్కడ, స్టాక్‌హోమ్ ఎక్కడ! పాట మాత్రం జాజ్‌వాళ్లందరి నోళ్లలో నలిగింది. నాకూ ఇష్టమే, ముఖ్యంగా మైల్స్‌ది. కానీ అక్కడ జానపద బాణీ పని గుమ్మం లాంటిది. లోపలికి రావడానికి ఒకసారి, వెళ్లడానికి ఒకసారి. మధ్యలో జరిగేదంతా సోలోవాళ్ల ఇల్లు.

1962లోనే స్వీడిష్ జాజ్ సంగీతకారుడు బెంగ్ట్-ఆర్నె వాలిన్ ఇంకో దారి పట్టాడు. ఇవే తరహా పాత బాణీలు, పెద్ద బృందం, బాకాలు, దట్టమైన అరేంజ్‌మెంట్లు. విద్వత్తు ఉంది, రంగులున్నాయి. బాణీకి మాత్రం అంత బట్ట బరువే అనిపిస్తుంది నాకు. ఇది నా చెవి రుచి, వాదించను.

యోహాన్సన్ ఏరుకున్న బాణీల పేర్లు చూడండి. ఊటన్‌మీరా పాట, రెట్విక్ పాట, మేడెల్పాద్ పోల్స్కా, హోక్ ఓల్లె వాయించిన పోల్స్కా, లార్స్‌హోగా యోంకె వాయించిన పెళ్లి మార్చి. ఊరి పేరో, ఎవరి ఫిడేలు నుంచి రాసుకున్నారో ఆ మనిషి పేరో చాలావాటికి అంటుకుని ఉంది. ఇది ఫిడ్లర్ల పాత మర్యాద. బాణీ ఎవరు కట్టారో తెలియదు, కానీ నా దాకా ఎవరి చేతినుంచి వచ్చిందో చెప్పి తీరాలి. రికార్డు అట్ట మీద ఆ మర్యాద నిలిచింది. జానపద బాణీని సినిమాలో వాడుకుని ఎవరి పేరు వేయాలన్న దగ్గర మన దగ్గర నడిచే పంచాయతీలు చూస్తూనే ఉన్నాం కదా, అందుకే ఇది నాకు చిన్న విషయంగా కనిపించదు.

అయితే పేరు నిలిచినంత మాత్రాన లెక్క సరిపోయిందా? ఇక్కడ నా దగ్గర గట్టి జవాబు లేదు. సంప్రదాయ బాణీకి హక్కుదారు ఉండడు, అరేంజ్‌మెంటుకు ఉంటాడు. రెండున్నర లక్షల రికార్డుల మీద హోక్ ఓల్లె పేరుంది, ఆయన వాయించిన తీరు లేదు. విన్నవాళ్లలో ఎక్కువమందికి పోల్స్కా అంటే ఇక ఈ పియానోయే. అసలు ఫిడేలు వింటే కర్కశంగా, అపశ్రుతిగా తోస్తుంది. నాకే మొదట అలా తోచింది. మెత్తటి అనువాదం మూలాన్ని ముతకగా కనిపించేట్టు చేయడం మామూలే, దానికి అనువాదకుణ్ణి ఎంతవరకు తప్పుపట్టాలి? 1970ల్లో స్వీడన్ కుర్రకారు మళ్లీ ఫిడేళ్లు పట్టుకుని పల్లెలకు వెళ్లి పెద్దల దగ్గర కూర్చున్నారు. వాళ్లలో కొందరి ఇళ్లలోనైనా ఈ రికార్డు తిరుగుతూ ఉండే ఉంటుందని నా ఊహ. ఊహ మాత్రమే.

దిగులు వ్యాపారం

యోహాన్సన్ 1968 నవంబరులో ఒక చర్చిలో కచేరీకి వెళ్తూ కారు ప్రమాదంలో పోయాడు. ముప్పై ఏడేళ్లు. ఆ చావు నీడ రికార్డు మీద వెనక్కి పడింది. ఇప్పుడెవరు దీని గురించి రాసినా మంచు, ఒంటరితనం, ఉత్తరాది దిగులు అని మొదలుపెడతారు. పియానో చుట్టూ ఉన్న ప్రతిధ్వని కూడా అందుకు తోడ్పడుతుంది. తర్వాతి దశాబ్దాల్లో "నార్డిక్ టోన్" అని ఒక సరుకే తయారైంది. నెమ్మదిగా నాలుగు స్వరాలు, బోలెడు ప్రతిధ్వని, అట్ట మీద గడ్డకట్టిన సరస్సు. ఆ వరసలో చాలా రికార్డులు కొన్నాను. నాలుగింట మూడు, స్పర్శ లేకుండా నిదానాన్ని మాత్రం అరువు తెచ్చుకున్నవి. మిత్రుడు వాటిని లాబీ సంగీతం అంటే వెంటనే ఒప్పుకుంటాను.

యోహాన్సన్ దిగులు మనిషి అనడానికి ఈ రికార్డులోనే ఆధారం తక్కువ. పన్నెండింటిలో పెళ్లి బాణీలున్నాయి, గంతులేసే పోల్స్కాలున్నాయి. ఆయన ఎడమచెయ్యి చిలిపిది. పిల్లల కోసం రాసిన పిప్పీ లాంగ్‌స్టాకింగ్ టీవీ పాటకు బాణీ కట్టింది ఈయనే. అది ప్రసారమైంది ఆయన పోయాక. రీడెల్ కూడా పిప్పీని సృష్టించిన రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ కథల సినిమాలకు పాటలు కట్టాడు. వాటిలో ఒక వేసవి పాటను స్వీడన్‌లో బడి ఏడాది ముగిసే రోజున పిల్లలు ఇప్పటికీ పాడతారు. ఎవరు కట్టారో వాళ్లలో చాలామందికి తెలియనవసరం కూడా లేదు. అంటే కాగితం మీద జానపదాన్ని చదువుకున్న ఇద్దరూ, కాగితం అక్కర్లేని పాటలు కొన్ని వదిలివెళ్లారు. రీడెల్ తొంభై ఏళ్లు బతికి 2024లో పోయాడు. యోహాన్సన్ కొడుకులిద్దరూ హెవీ మెటల్ వైపు వెళ్లారు, ఒకరు కీబోర్డు, ఒకరు డ్రమ్స్. తండ్రి రికార్డుల్ని మళ్లీ మార్కెట్లోకి తెస్తున్నదీ వాళ్లే. ప్రతిధ్వని భక్తులు దీన్నెలా జీర్ణించుకుంటారో!

వినదలిస్తే ఒక సలహా. అందరూ ఊటన్‌మీరా పాటతో మొదలుపెడతారు, అది మొదట ఉంది కాబట్టి, మరీ అందంగా ఉంది కాబట్టి. నేనైతే దాన్ని పక్కన పెట్టి, చివరిదైన హోక్ ఓల్లె పోల్స్కా ముందు వినమంటాను. రెండే నిమిషాలు. ఆ వెంటనే ఏ డాలార్నా ఫిడ్లరు పాత రికార్డింగైనా ఒక పోల్స్కా దొరకబుచ్చుకుని వినండి, కాలితో దెబ్బ వేస్తూ. మీ కాలు రెండోదాంట్లో తప్పుతుంది. తప్పిన చోటును గుర్తుపెట్టుకుని మళ్లీ పియానో దగ్గరికి రండి. యోహాన్సన్ కుడిచెయ్యి ఎక్కడ వెనకబడుతోందో అప్పుడు చూడండి.